యాత్ర బస్సులో గ్యాస్ బండ

మిర్చి కల్లాల మీద ఆరి, టిక్కీల్లోకెక్కి, గుంటూరు యార్డులో అమ్ముడుపోయాక ఈ ప్రాంతపు ఊళ్లలో యాత్రల మాట మొదలవుతుంది. నరసరావుపేట కావచ్చు, చిలకలూరిపేట కావచ్చు, ఒంగోలు కావచ్చు, ఓ నలభై మంది పోగయితే టూరిస్టు బస్సు మాట్లాడుకుంటారు. కాశీ, గయ, ప్రయాగ, ఓపిక ఉంటే హరిద్వార్ మీదుగా బదరీనాథ్. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. రొట్టెలు సయించవు, ఆవనూనె వాసన పడదు. అందుకని బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీలు బస్సుతోపాటే బయల్దేరతాయి. ఇద్దరు ముగ్గురు వంటవాళ్లు, వాళ్ల గుండిగలు, పెద్ద స్టౌ, రెండు మూడు గ్యాస్ బండలు కూడా. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో కుటుంబాలు కారు వెనక చక్రాల ఇంటిని తగిలించుకుని ఊళ్లు తిరుగుతాయి. దాన్ని కారవాన్ అంటారు. పడక, వంట, ప్రయాణం అన్నీ ఒకే బండిలో జరగడమే దాని లక్షణమైతే, మన యాత్ర బస్సు నలభై మంది కారవాన్. కారవాన్‌లో గ్యాస్ గురించి ఆ దేశాలవాళ్లు ఎంత ఆలోచించారో, యాత్ర బస్సులో గ్యాస్ గురించి మనం అంత తక్కువ ఆలోచించాం.

ఇంటి వంటగదిలో గ్యాస్ బండ సాధారణంగా మనకు హాని చేయదు. అందుకు మూడు కారణాలున్నాయి. బండ పెట్టినచోటు నుంచి కదలదు. తలుపో కిటికీయో తెరిచి ఉంటుంది. లీకైతే వాసన వస్తుంది, ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉండి పసిగడతారు. బస్సులో ఈ మూడూ ఉండవు. బండ రోజంతా కుదుపుల్లో ఉంటుంది, మూసిన డిక్కీలో ఉంటుంది, పైన జనం నిద్రపోతుంటారు. కాబట్టి ఇంటి అలవాట్లను బస్సెక్కిస్తే చాలదనీ, కదిలే బండిలో గ్యాస్‌కు వేరే నియమం కావాలనీ నా వాదన. ఆ నియమం కూడా పెద్దదేమీ కాదు. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ బండకు తగిలించి ఉండకూడదు. ఆగాక తగిలించిన ప్రతిసారీ సబ్బు నీళ్లతో పరీక్షించకుండా వెలిగించకూడదు. ఇంత చిన్న విషయానికి ఇంత ప్రసంగం ఎందుకంటారేమో. చిన్నది కాబట్టే ఎవరూ పాటించడం లేదు.

ముందు ఆ గ్యాస్ స్వభావం చూద్దాం. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడికి ద్రవంగా మారి లోపల ఉంటుంది, బయటికొస్తే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కనుక పైకి పోదు. నేల పట్టుకుని పాకుతుంది, పల్లం దొరికితే అక్కడ నిలుస్తుంది. గాలిలో దాని పాలు రెండు శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఈ రెండు శాతాన్ని బస్సు కొలతలకు అన్వయించి చూడండి. బస్సులో జనం కూర్చునే భాగాన్ని 60 ఘనపు మీటర్లనుకుందాం. అదంతా అంటుకునే స్థితికి రావడానికి రెండున్నర కిలోల గ్యాస్ కావాలి. అదే కింద సామాన్ల డిక్కీని ఆరు ఘనపు మీటర్లనుకుంటే పావు కిలో చాలు. ఇంట్లో వాడే బండలో ఉండేది 14.2 కిలోలు, హోటళ్ల బండలో 19 కిలోలు. బండంతా కారిపోవాలేమో అనుకుని ధైర్యంగా ఉంటాం గానీ, 19 కిలోల్లో పావు కిలో తగ్గితే బండ ఎత్తిన మనిషికి తెలియను కూడా తెలియదు.

ఆ గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బండ ఉక్కు పగిలి కాదు. అది చాలా అరుదు. బండకూ స్టౌకూ మధ్య ఉన్న అతుకుల నుంచి వస్తుంది. బండ నోట్లో స్ప్రింగు మీద నిలిచే వాల్వు ఉంటుంది. రెగ్యులేటర్ పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది, తీస్తే తనంతట తానే మూసుకుంటుంది. దాని లోపల చిన్న రబ్బరు వాషర్. అది ఎండిపోయినా, చిట్లినా, దాని మీద ఇసుక రేణువో బియ్యపు నూకో కూర్చున్నా మూత పూర్తిగా పడదు. తర్వాత రెగ్యులేటర్, ట్యూబు కలిసేచోటు. ఆపైన ట్యూబు, స్టౌ కలిసేచోటు. ఇంట్లో ఈ అతుకుల్ని కదిపేవాళ్లు లేరు. బస్సు అడుగున అవి వేల కిలోమీటర్లు వణుకుతాయి. పక్కనున్న గుండిగ వాటిని గుద్దుతుంది, ట్యూబు మీద బియ్యం బస్తా పడుతుంది. కంపెనీలు ఇచ్చే ఉక్కు తీగల పొర ఉన్న నారింజ రంగు సురక్ష ట్యూబును కూడా అయిదేళ్లకు మార్చమంటారు. కదలని ఇంటికే ఆ గడువు. యాత్రల స్టౌలకు చాలాచోట్ల మామూలు రబ్బరు గొట్టం తొడిగి, క్లిప్పు బదులు ఇనప తీగ చుట్టి బిగిస్తారు. ఆ తీగ రబ్బరును కోస్తుంది. పైగా, ఇంటి రెగ్యులేటర్ గ్యాస్‌ను చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడికి తగ్గించి పంపుతుంది. వందమందికి వంట చేసే పెద్ద బర్నరుకు తిప్పుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ వాడతారు. ఒత్తిడి పెరిగితే అదే సూది బెజ్జంలోంచి కొన్ని రెట్లు ఎక్కువ గ్యాస్ వస్తుంది. యూరప్ కారవాన్లలో ఎంత పెద్ద బండ పెట్టినా లోపలి గొట్టాల్లో ఒత్తిడి 30 మిల్లీబార్లకు, అంటే మన ఇంటి స్టౌ స్థాయికే కట్టేసి ఉంచడానికి ఇదో కారణం.

ఇక్కడ ఎవరైనా అడిగే మాట ఒకటుంది: లీకైతే వాసన రాదా? వస్తుంది. ఈ గ్యాస్‌కు సొంత వాసన లేదు కనుక కుళ్లు కంపు కొట్టే మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కలుపుతారు. అంటుకునే మోతాదులో అయిదో వంతు చేరేసరికే ముక్కుకు తెలియాలని లెక్క. ఆ లెక్క కట్టినవాళ్లు నిలబడి, మేలుకుని, జలుబు లేని మనిషిని మనసులో పెట్టుకున్నారు. యాత్ర బస్సులో ముక్కు ఏ స్థితిలో ఉంటుందో చూడండి. గ్యాస్ కింద డిక్కీలో ఉంది, ముక్కులు పైన సీట్లలో ఉన్నాయి. అరవై దాటిన వాళ్లలో చాలామందికి వాసన పసిగట్టే శక్తి సన్నగిల్లుతుంది. నిద్రలో ఉన్నవాణ్ణి వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. మెల్లగా పెరిగే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. కొత్తగా లోపలికొచ్చినవాడు ముక్కు మూసుకుంటాడు గానీ, గంటసేపు అక్కడే ఉన్నవాడికి ఏమీ అనిపించదు. డీజిలు పొగ, అగరొత్తులు, పచ్చళ్ల ఘాటు సరేసరి. మిర్చి యార్డు దగ్గర లారీ పక్కన 5 కిలోల చిన్న బండతో అన్నం వండుకునే డ్రైవర్ల సంగతీ ఇంతే. ఆ కోరుకు తుమ్ములు ఆగని చోట మెర్కాప్టాన్‌ను గుర్తుపట్టడం ఎవరి తరం? పత్తి బేళ్ల లోడు పక్కనే వండుకుంటే ఆ ప్రమాదం గురించి వేరే చెప్పక్కర్లేదు. ముక్కు చెప్పేది వింటే మంచిదే. అది ఏమీ చెప్పలేదు కాబట్టి లీకు లేదనుకోవడమే తప్పు.

మూడు దుర్ఘటనల్ని పక్కపక్కన పెడితే నాకో పోలిక కనిపిస్తుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఇదే వంట గ్యాస్ లీకై, అంటుకుని, సుమారు 60 మంది చనిపోయారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలి 20 మందికి పైగా బలయ్యారు. అక్కడిది సహజవాయువు, బండలోని గ్యాస్ కాదు. ఊరంతా గ్యాస్ కమ్ముకుని ఉండగా టీ కొట్లో పొయ్యి వెలిగించడంతో మంట లేచిందని అప్పటి వార్తలు. ఇక మన విషయానికి అన్నిటికంటే దగ్గరిది మదురై. లక్నో నుంచి 2023 ఆగస్టు 17న బయల్దేరిన యాత్రికుల ప్రైవేటు బోగీ అది. ఆగస్టు 26న మదురైలో రైలు నుంచి విడదీసి పక్క లైనులో నిలిపారు. తెల్లవారుజామున అయిదుంబావు ప్రాంతంలో మంటలు లేచాయి. దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాస్ బండే కారణమని రైల్వే ప్రకటించింది. తొమ్మిది మంది చనిపోయారు. ఈ మూడూ పొద్దున్నే జరిగాయి. ఇది కేవలం కాకతాళీయం అనుకోను. లీకైన గ్యాస్ రాత్రి గాలి కదలనివేళ చెదరకుండా నిలుస్తుంది. మూసిన బండిలో అయితే ఇక చెప్పేదేముంది. తెల్లవారాక మొదటి కాఫీ కోసం ఎవరో మొదటి నిప్పు వెలిగిస్తారు. అందుకే యాత్ర బస్సులో రోజంతటికీ ప్రమాదకరమైన క్షణం మధ్యాహ్నం గుండిగలు కాగే వేళ కాదు, తెల్లవారుజామున అగ్గిపుల్ల గీసే క్షణం. ఆ వేళకే అందరూ నిద్ర కళ్లతో, తొందరలో ఉంటారు.

కాబట్టి పరీక్ష ఆ క్షణానికి ముందు జరగాలి. గిన్నెలో నీళ్లు, కాస్త సబ్బు పొడి, నురగ వచ్చేదాకా కలిపితే చాలు. డిక్కీ తలుపులు తీసి కొంతసేపు గాలి ఆడనివ్వాలి. బండను బయటికి దించి, నిలువుగా, గాలి తగిలే చోట పెట్టాలి. మూత తీసి, రెగ్యులేటర్ తగిలించకముందే వాల్వు నోట్లో రెండు చుక్కల సబ్బు నీళ్లు వేయాలి. బుడగ లేచిందంటే ఆ బండ పనికిరాదు, మూత బిగించి దూరంగా పెట్టేయడమే. బుడగ రాకపోతే నోరు తుడిచి, రెగ్యులేటర్ తగిలించి, బర్నర్ నాబులన్నీ కట్టి ఉంచి, రెగ్యులేటర్ తెరవాలి. ఇప్పుడు అతుకుల చుట్టూ, ట్యూబు పొడవునా నురగ రాయాలి. చిన్న లీకుకు బుడగ మెల్లగా ఊరుతుంది, తొందరపడితే కనిపించదు. వంటయ్యాక ముందు రెగ్యులేటర్ ఆపాలి. ట్యూబులో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతటదే ఆరాక నాబు కట్టాలి. రెగ్యులేటర్ విప్పి, తాడుతో వేలాడే ఆ చిన్న మూతను వాల్వు మీద బిగించాలి. ఇంటికి బండ రాగానే మనం ఆ మూత పీకి పారేస్తాం. ప్రయాణంలో వాల్వు వాషరు మోసం చేస్తే గ్యాస్‌కు అడ్డం నిలిచేది అదొక్కటే. లీకు చూడ్డానికి అగ్గిపుల్ల గీసి అతుకు దగ్గర పెట్టే వంటవాళ్లు ఇంకా ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లకు చిన్న లీకులే ఎదురయ్యాయి కాబట్టి ఆ పద్ధతి మంచిదనుకుంటున్నారు.

లీకును పసిగట్టి మోగే పెట్టెలున్నాయి కదా, అవి పెడితే పోదా అనొచ్చు. పెట్టండి, మంచిదే. కానీ నేలకు జానెడు ఎత్తులో, బండ ఉన్నచోటే పెట్టాలి. ఈ గ్యాస్ కిందికి దిగేది కనుక పైకప్పుకు తగిలిస్తే అలంకారానికి తప్ప పనికిరాదు. దుమ్ము, నూనె ఆవిరి పట్టి కొన్నాళ్లకు అది మొద్దుబారుతుంది. ముఖ్యంగా, అది గ్యాస్ చేరాకే మోగుతుంది. గ్యాస్ చేరకుండా చూసుకోవడం దానికంటే తేలిక. బ్రిటన్ కారవాన్లలో బండల పెట్టెకు లోపలి గదితో సంబంధం ఉండదు. తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది, పెట్టె అడుగున రంధ్రాలుంటాయి. లీకైన గ్యాస్ తన బరువుతో తానే కిందికి జారి రోడ్డు మీదికి పోతుంది. బ్యాటరీ అక్కర్లేదు, మోగక్కర్లేదు. మన బస్సు డిక్కీ ఇందుకు సరిగ్గా తిరగబడిన ఏర్పాటు. దుమ్మూ వానా లోపలికి రాకూడదని అడుగంతా మూసేస్తారు. అందులోనే లైటు స్విచ్చు, వైర్లు.

వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెంటచింతలలాంటి చోట వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. 15 డిగ్రీల దగ్గర బండ లోపలి ఒత్తిడి ఎంతో, 45 డిగ్రీలకు అది రెండింతలు దాటుతుంది. కంపెనీలో నింపిన బండ దీన్ని తట్టుకుంటుంది, ఎందుకంటే ద్రవం పెరగడానికి చోటు వదిలి, తూకం వేసి నింపుతారు. రోడ్డు పక్క కొట్లలో పెద్ద బండలోంచి చిన్న బండలోకి గ్యాస్ ఎక్కిస్తారే, అక్కడ తూకం లేదు, వదిలే చోటు లేదు. అలా నింపిన బండను ఎండలో నిలిపిన బస్సులో పెట్టడం ఎంత ఆలోచన లేని పనో వేరే చెప్పాలా? బదరీనాథ్ చలిలో ఇబ్బంది దీనికి తలకిందులు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్‌కు ఆ బాధ మైనస్ 42 దాకా లేదు. చలిలో ప్రొపేన్ ముందుగా మండిపోయి, మిగిలిన బ్యూటేన్ బండ అడుగున ద్రవంగానే ఉండిపోతుంది. మంట సన్నబడుతుంది. వంటవాడు బండను పక్కకు పడుకోబెడతాడు, మరిగే నీళ్లు పోస్తాడు. పడుకోబెడితే గ్యాస్ బదులు ద్రవమే ట్యూబులోకి దిగుతుంది, బర్నర్ దగ్గర 250 రెట్లు విచ్చుకుంటుంది. అప్పుడు లేచే మంట గుండిగ కిందే ఉండదు. చలి ప్రాంతంలో బండ బరువుగా ఉండీ మండకపోతే దాన్ని పక్కనపెట్టి రెండోది వాడటమే పద్ధతి. దారిలో కొత్త బండ కొంటే ఇంకో చిక్కుంది. మూడు ప్రభుత్వ కంపెనీల ఇంటి బండలకు రెగ్యులేటర్ ఒకటే పడుతుంది. కొన్ని ప్రైవేటు కంపెనీల వాల్వు కొలత వేరు. బలవంతంగా నొక్కి కూర్చోబెట్టిన రెగ్యులేటర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది. తీసుకునేటప్పుడు బండ మెడ దగ్గరి పట్టీ మీద అక్షరమూ అంకెలూ చూడండి. ఎ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. పక్క అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటితే ఆ బండ పరీక్షకు వెళ్లాల్సిందే, యాత్రకు కాదు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. ఇరవై ఏళ్లుగా బస్సులు వెళ్తున్నాయి, ఏమైందని? నిజమే, ఎక్కువ బస్సులు క్షేమంగానే తిరిగొచ్చాయి. ఒక్కో బస్సుకు ప్రమాదం అరుదే. కానీ బస్సుకు నిప్పంటుకుంటే ఏమవుతుందో మనం చూడనిది కాదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. అక్కడ గ్యాస్ లేదు, డీజిలే. ఒకే తలుపున్న బస్సులోంచి నిద్రమత్తులో ఉన్న నలభై మంది దిగడానికి పట్టే సమయాన్ని నిప్పు ఇవ్వదు. ఆ పరిస్థితికి గ్యాస్ బండల్ని కూడా జోడించడం ఎందుకు? రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది: ప్రయాణికుల బండిలో మండే సరుకు వద్దని మోటారు నిబంధనలు చెబుతూనే ఉన్నాయి, రైల్లో అయితే 1989 చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. మరి తగిలించే పద్ధతి నేర్పడమంటే తప్పును మెరుగ్గా చేయమని చెప్పడం కాదా? ఈ మాటలో బలముంది. మదురై బోగీలో బండ చాటుగా ఎక్కింది కనుకనే దాన్ని పరీక్షించే అవకాశం ఎవరికీ రాలేదు. ఉట్టి నిషేధం బండను బియ్యం బస్తాల వెనక దాచిపెట్టిస్తుంది. దాచిన బండే అన్నిటికంటే చెడ్డ బండ. కాబట్టి నిషేధంతోపాటు అన్నం దారి కూడా చూపించాలి.

ఆ దారి ఉంది. వంట సామాను వేరే చిన్న వ్యానులో పంపే నిర్వాహకులు ఉన్నారు. జనం ఎక్కే బండిలో గ్యాస్ ఉండదు. ఆ వ్యానుకు గ్యాస్ దిగిపోయేలా అడుగున రంధ్రాలు పెట్టించి, రాత్రి అందులో ఎవరూ పడుకోకుండా చూస్తే సగం భయం తీరుతుంది. పైన చెప్పిన సబ్బు నీళ్ల పరీక్ష ఆ వ్యాను వంటవాళ్లకూ వర్తిస్తుంది. ఇంకా తేలికైనది, బండ లేకుండానే వెళ్లడం. కాశీలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, శ్రీశైలంలోనూ కాశీలోనూ కరివెన సత్రాలున్నాయి. తెలుగు అన్నం దొరకదన్న భయం ముఖ్య క్షేత్రాల్లో లేదు. దారిలో ఆగే ఊళ్లలో వంటగది ఉన్న సత్రాన్ని ముందే మాట్లాడుకుంటే గుండిగలు మాత్రం తీసుకెళ్తే చాలు. ఖర్చు పెరుగుతుందా? మనిషికి కొంత పెరుగుతుంది. గ్యాస్ కంపెనీల బీమాలో ఆస్తి నష్టానికిచ్చే పరిహారం కనెక్షన్ నమోదైన చిరునామాకే పరిమితం. ఇంటి బండను బస్సెక్కించినవాడికి ఆ రక్షణ గుమ్మం దగ్గరే ఆగిపోయిందని తెలియదు. ఇంటి బండను వ్యాపారానికి వాడటమే నిషిద్ధం కనుక అడిగే నోరూ ఉండదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. వంట సామానుతో కదిలే బండ్లు అప్పుడు ఇంకా పెరుగుతాయి.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా దారిలో ఒక రాత్రి డిక్కీలోంచి వాసన వస్తే చేయవలసింది తక్కువే, వరస మాత్రం ముఖ్యం. బస్సు పక్కకు తీసి ఇంజను ఆపాలి. లైటు స్విచ్చులు ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలి, వేయడమూ వద్దు, ఆర్పడమూ వద్దు. అందరినీ దించి గాలి ఎటునుంచి వస్తోందో అటు నడిపించాలి, పల్లం వైపు కాదు. తర్వాత, డిక్కీ తలుపులు బారుగా తీసి దూరం జరగాలి. ఫోను మాట్లాడేది అక్కణ్ణుంచే. గ్యాస్ లీకులకు దేశమంతా 1906, అగ్నిమాపక దళానికి 101, అన్నిటికీ 112. ఇదంతా ఎవరు చేయాలన్నదే యాత్రలో తేలని ప్రశ్న. డ్రైవరు తన పని స్టీరింగు వరకే అంటాడు, వంటవాడు స్టౌ వరకే అంటాడు, నిర్వాహకుడు ఒక్కోసారి బస్సులోనే ఉండడు. బయల్దేరేముందు గ్యాస్‌కు బాధ్యుడు ఫలానా మనిషని తేల్చుకుని, ఆ పేరు యాత్ర కరపత్రంలో బస్సు నంబరు పక్కన అచ్చువేయించమని టికెట్టు కొనేవాళ్లే అడగాలి.